వాల్వత్తా, మెరక వీధీ

మా పేటలో ఆరు వీధులు. ఆరింటికీ నీళ్లు వదిలేది ఒక్క మనిషి. ఆవిడ అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. వెనకాల అందరూ వాల్వత్త అంటారు. ఎదురుగా అయితే అమ్మా అనో అత్తా అనో అంటారు, అదీ పని పడితేనే.

పొట్టి మనిషి, యాభై దాటింది. భుజాన తన ఎత్తే ఉన్న ఇనప రాడ్డు. దానికి పైన అడ్డంగా ఒక కడ్డీ, కింది కొసన వాల్వు తలకి పట్టే చతురస్రపు గాడి. వీధి మొదట్లో గుంట మూత తీసి, ఆ రాడ్డు లోపలికి దించి, రెండు చేతులతో అడ్డకడ్డీ పట్టుకుని చుట్టూ తిరుగుతుంది. పన్నెండు చుట్లకి వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. మొదట పంపుహౌస్ ఊడవటానికి చేరిందట. అప్పటి వాల్వు మనిషి తాగి పడిపోయిన రోజుల్లో తనే రాడ్డు పట్టుకుని తిరిగిందట. తర్వాత ఉద్యోగం తనకే ఇవ్వక తప్పింది కాదు.

ఆవిడంటే మా పేటలో ఎవరికీ పడదు. నోరు అలాంటిది. పైపుకి దొంగతనంగా మోటారు బిగించుకున్న వాళ్లని పట్టుకుంటే వీధి మధ్యలో నిలబెట్టి కడిగేస్తుంది. మా మెరక వీధి హెడ్మాస్టరు గారి మోటారు కూడా ఒకసారి ఊడదీసి, ఆయన శిష్యుల ఎదుటే ఆయన చేతిలో పెట్టింది. రిటైరైనా ఆయనని చూస్తే లేచి నిలబడే వాళ్లు మా వీధిలో సగం మంది. ఆ రోజు నుంచీ ఆయన ఆవిడ మొహం చూడరు. ఆయన చూడరు కాబట్టి మేమూ చూడం. నాకు ఆ వీధి మొదట్లోనే జెరాక్స్ షాపు. ఆవిడ రోజూ నా షాపు ముందు గుంటలోనే రాడ్డు దించుతుంది. ఏడేళ్లలో ఒక్కసారీ "బాగున్నావా" అనుకున్న పాపాన పోలేదు మేమిద్దరం.

అలాంటి రోజుల్లో తుఫాను వచ్చింది.

గాలి ఆగేసరికి పేట పేటలా లేదు. కరెంటు స్తంభాలు వరసగా ఒకే వైపు ఒరిగిపోయి ఉన్నాయి. ఎవరి పైకప్పు రేకులో ఎవరి వాకిట్లోనో పడ్డాయి. మా వీధి మొదట్లో ఉన్న పెద్ద చెట్టు వేళ్లతో సహా లేచి, నా షాపు షట్టర్ని ఆనుకుని పడుకుంది. లోపల జెరాక్స్ మెషీను మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. కాలవ పక్క గుడిసెల వాళ్లకైతే ఏమీ మిగల్లేదు. రెండొందల మందిని తెచ్చి పేట చివర స్కూల్లో పెట్టారు.

కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. పంపుహౌస్‌లో ఒక ముసలి జనరేటర్ ఉంది. రోజుకి ఇచ్చే డీజిలుతో ట్యాంకు ఒక్కసారి నిండుతుంది, అంతే. మామూలు రోజుల్లో వీధికి నలభై నిమిషాలు వచ్చే నీళ్లు ఇరవై నిమిషాలకి దిగాయి. ఇంజనీరు ఒకసారి జీపులో వచ్చి, దిగకుండానే, "చూసి ఇవ్వమ్మా" అని వెళ్లిపోయాడు. చూసి ఇవ్వడం అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

మాది మెరక వీధి. మిగతా అయిదూ కట్టేస్తే తప్ప మా పైపులోకి నీళ్లు ఎక్కవు. ఇరవై నిమిషాల్లో మొదటి ఎనిమిది నిమిషాలూ కుళాయి బుస్సుమని గాలి వదిలేది. తర్వాత వచ్చిన నీళ్లు ఇంటికి రెండు బకెట్లు. మూడో రోజు పొద్దున్నే ఆవిడ వచ్చేసరికి మేం పాతిక మందిమి గుంట చుట్టూ నిలబడి ఉన్నాం. హెడ్మాస్టరు గారు ముందున్నారు.

"ఏమ్మా, పల్లపు వీధులకి నీళ్లూ, మాకు గాలీనా? ఇదేం న్యాయం?"

ఆవిడ మూత పక్కకి లాగుతూ తలెత్తలేదు. "గాలి కూడా ఆ పైపులోంచే వస్తుంది మాస్టారూ. పట్టుకోండి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు మొహం మాడిపోయింది. "నీ అంతు చూస్తాను" అన్నారు.

"చూద్దురు గాని. ముందు పక్కకి జరగండి, రాడ్డు తిరగాలి."

జరగమనడం కూడా ఆవిడకి మర్యాదగా రాదు. ఆ రోజు ఒక్క మంచి మాట అని ఉంటే సగం మంది ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లమేమో. ఏమో. మేం కూడా మంచి మాట వినే స్థితిలో లేం. మూడు రోజులుగా స్నానాల్లేవు, ఇంట్లో బురద ఎండి వాసన కొడుతోంది, పిల్లలకి విరేచనాలు. ఎవరి మీదో ఒకరి మీద పడాలి. తుఫాను మీద పడలేం కదా.

ఆవిడ సొంత మనుషులు కూడా తక్కువేం తినలేదు. భర్త దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన అక్క పల్లపు వీధిలో ఉంటుంది. ఆ ఆడపడుచు ఒకరోజు పంపుహౌస్‌కే వచ్చి, "ఏమే, ఇంటి మనిషివి ఉండి నాకు ఓ పది నిమిషాలు ఎక్కువ వదల్లేవా?" అని అడిగిందట.

"వీధికి వదులుతాను వదినా. ఇంటికి వదిలే వాల్వు లేదు."

"నా తమ్ముణ్ణి చేసుకుని ఈ పేటకొచ్చావు. అది మర్చిపోకు."

"మర్చిపోలేదు. ఆయన కూడా నాలుగు రోజులుగా స్నానం చెయ్యలేదు. వెళ్లి వాసన చూసుకో."

ఆ మాటతో ఆడపడుచు ఒంటికాలి మీద లేచింది. మర్నాటికల్లా ఆరు వీధుల్లోనూ ఒకటే మాట: వాల్వత్త నీళ్లు ఎక్కడికో మళ్లిస్తోంది, ట్యాంకు నిండాక ముందు గంట వీధులకి కాదు, ఇంకెక్కడికో పోతోంది.

అది అబద్ధమైతే బాగుండేది. కాదు. అయిదో రోజు మా వీధి వాళ్లు ఇద్దరు పొద్దున్నే వెళ్లి చాటుగా చూసొచ్చారు. ట్యాంకు నిండగానే ఆవిడ మొట్టమొదట తెరిచింది స్కూలు లైను. పావుగంట కాదు, అరగంట కాదు, అక్కడి చివరి మనిషి పట్టుకునే దాకా కాసుకుని నిలబడింది. ఆ తర్వాతే మా ఆరు వీధులు.

మా వీధి భగ్గుమంది. ఇంటి పన్ను కట్టేది మనం, నీళ్లు పోసేది వాళ్లకా? నిన్నటిదాకా కాలవ నీళ్లు తాగిన వాళ్లకి ఇవాళ ట్యాంకు నీళ్లు కావాలా? ఇలాంటి మాటలు నేను కూడా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వెనక్కి లాగుతోంది గాని, అన్నాను. మాస్టారు ఒక అర్జీ రాశారు. జెరాక్స్ తీసే దారి లేక నేనే చేత్తో మూడు కాపీలు రాసిచ్చాను.

అర్జీ వెళ్లేదాకా కూడా ఆగలేదు మేం. ఆరో రోజు పొద్దున ఆవిడ మా గుంట దగ్గర రాడ్డు దించగానే, మా వీధి మెకానిక్కు వెనకనుంచి వచ్చి అడ్డకడ్డీ పట్టుకున్నాడు.

"వదులు" అందావిడ.

"నువ్వొదులు. ఇన్నాళ్లూ తిప్పావు, చాలు. ఇవాళ మా వీధికి మేం తిప్పుకుంటాం."

"అది పాత వాల్వు. బలం పెడితే విరుగుతుంది. చెట్టు పడ్డప్పుడు పైపు కూడా కదిలింది. తెలుసుకుని మాట్లాడు."

"మాకు తెలుసులే."

ఆవిడ వదల్లేదు. మెకానిక్కు లాగాడు. ఆవిడ అటు తూలింది. అప్పుడు నేనూ, పక్కింటి పెయింటరూ వెళ్లి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే కడ్డీ నుంచి విడదీశాం. అవును, ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేను. ఆ వేళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో ఇప్పటికీ నా చేతులకి గుర్తే.

ఆవిడ అరవలేదు. మా ముగ్గురి మొహాలూ వరసగా ఒకసారి చూసి, చీర కుచ్చిళ్లు దులుపుకుని పంపుహౌస్ వైపు వెళ్లిపోయింది.

ఆవిడ వీధి దాటకముందే మాస్టారు వెనకనుంచి "తిప్పండి, తిప్పండి" అన్నారు. మేం తిప్పాం. పన్నెండు చుట్లు అని మాలో ఎవరికీ తెలీదు. ఆగినా ఇంకా తిప్పాం. ఇద్దరు మనుషుల బలం పెట్టేసరికి కింద టక్కుమని ఏదో విరిగింది, రాడ్డు చేతిలో వట్టినే తిరగడం మొదలెట్టింది. ఒక్క క్షణం అందరం నోరు తెరిచి చూశాం. ఆ తర్వాత గుంటలోంచి నీళ్లు మనిషి ఎత్తు లేచాయి. వాల్వు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది, దాని పక్క పైపు పగిలింది.

ఆవిణ్ణి పిలవాలని అందరికీ తెలుసు. పిలవటానికి ఎవరికీ మొహం చెల్లలేదు. గోనె సంచులు కుక్కాం. రాళ్లు వేశాం. మెకానిక్కు చొక్కా విప్పి కుక్కాడు. నీళ్లు మా మొహాన కొడుతూనే ఉన్నాయి. ఆడవాళ్లు బిందెలు తెచ్చి ఆ బురద నీళ్లే పట్టుకోబోయారు. అరగంట తర్వాత నీళ్లు వాటంతట అవే తగ్గాయి. ఆగినందుకు సంబరపడ్డాం. ఆగింది మా గొప్ప కాదు, ట్యాంకు ఖాళీ అయింది. అప్పటికి ఒక్క స్కూలుకే నీళ్లు అందాయి. ఆరు వీధుల్లో ఒక్క బకెట్టూ నిండలేదు. మర్నాటి దాకా డీజిలు లేదు.

అరగంటలో మిగతా అయిదు వీధులూ మా మీదికి వచ్చిపడ్డాయి. నిన్నటిదాకా వాల్వత్తని తిట్టిన నోళ్లే ఇప్పుడు మమ్మల్ని తిట్టాయి. ఆవిడ ఆడపడుచు కూడా వచ్చింది. "మా మరదలి చేతిలోంచి లాక్కుంటారా, చేతులు పడిపోనూ" అని శాపనార్థాలు పెట్టింది. పుకారు పుట్టించింది ఈవిడే కదా అనే ధైర్యం మాకు లేకపోయింది.

చివరికి అందరం కలిసి పంపుహౌస్‌కి వెళ్లాం. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన భర్త. రాడ్డు నా చేతిలో ఉంది. ముందుకు చాపాను.

"నాకెందుకు? మీ దగ్గరే ఉండనీ. తిప్పుకోండి."

"అత్తా, పైపు పగిలింది" అన్నాను.

"వినపడింది. ఇక్కడిదాకా వినపడింది."

"రేపు నీళ్లు వదిలితే అంతా అక్కడే పోతుంది. ఎవరికీ అందదు."

"తెలుసు."

కదల్లేదు. మాస్టారు గొంతు సవరించుకుని, "చూడమ్మా, జరిగిందేదో జరిగింది" అని మొదలెట్టారు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాం. చివరికి దర్జీ మావయ్యే మెల్లగా, "ఏమే, రేపు స్కూలు వాళ్లకి కూడా ఉండవు కదా" అన్నాడు.

ఆవిడ లేచింది. "వాళ్ల కోసం వస్తున్నాను. మీలో ఒక్కరి కోసం కాదు. ఆ మాట గుర్తుంచుకోండి" అంది.

గుంటలో నడుం లోతు బురద. ముందు బకెట్లతో తోడించింది. తోడే పని మా ముగ్గురికే పెట్టింది, వేరేవాళ్లు బకెట్టు పట్టుకోబోతే కసిరింది. తర్వాత ఒక కర్ర దిమ్మె చెక్కించి, దానికి పాత సైకిలు ట్యూబు చుట్టి, తనే గుంటలోకి దిగింది. మా వీధి పైపు మొదట్లో ఆ దిమ్మె పెట్టి సుత్తితో కొట్టాలి. లోపల ఇద్దరికి చోటు లేదు. భర్త పైనుంచి ఆవిడ నడుం పట్టుకున్నాడు. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో దిమ్మె జారింది. ఆవిడ ఎడమ చూపుడు వేలు దిమ్మెకీ పైపు అంచుకీ మధ్య పడింది. "అమ్మా" అని ఒక్కసారి అంది. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. పైకి రమ్మన్నాం. రాలేదు. నెత్తురోడుతున్న చేత్తోనే దిమ్మె మీద ఇంకో పది దెబ్బలు కొట్టింది.

పైకి వచ్చాక చెయ్యి కొంగుతో చుట్టుకుంటూ చెప్పింది. "రేపట్నుంచి అయిదు వీధులకీ స్కూలుకీ వస్తాయి. మీ వీధికి రావు. కొత్త వాల్వూ పైపూ వచ్చేదాకా మీ లైను మూసినట్టే."

"మరి మేం ఎక్కడ తెచ్చుకోవాలి?" మా వీధిలోంచి ఒకావిడ అడిగింది.

"స్కూల్లో కుళాయి ఉంది."

కొత్త పైపు పడేదాకా రోజూ మెరక వీధి మొత్తం బిందెలు పట్టుకుని స్కూలుకి నడిచింది. పల్లపు వీధుల వాళ్లు తమ కుళాయిల దగ్గరికి రానివ్వలేదు. స్కూల్లో వాళ్లు రానిచ్చారు గాని, ముచ్చటపడి కాదు. మేం అన్న మాటలన్నీ ముందే వాళ్ల చెవిన పడ్డాయి. కుళాయి దగ్గర ఒక పొడుగాటి మనిషి, ఇళ్లలో పని చేసుకునే ఆవిడ, క్యూ చూసుకునేది. మొదటి రోజు మా ఆవిడని చూసి, "కాలవ నీళ్లు తాగే వాళ్ల కుళాయి ఇది. మీకు పడుతుందా?" అని అడిగింది. మా ఆవిడ తలొంచుకుంది. "చివర్న నిలబడు" అందావిడ. మా వీధి మొత్తం చివర్నే. వాళ్ల పిల్లలు, ముసలివాళ్లు, గిన్నెలు కడుక్కునే వాళ్లు అందరూ అయ్యాక మేం. మాస్టారు రెండో రోజు బిందెతో వచ్చి, క్యూ చూసి వెనక్కి వెళ్లిపోయారు. మూడో రోజు మళ్లీ వచ్చారు, నిలబడ్డారు. దాహం ముందు ఎవరి పంతమూ నిలవదని అప్పుడు చూశాను.

పదో రోజు ఇంజనీరు వచ్చాడు. చేతిలో మా అర్జీ. వాల్వు పాడు చేసింది ఆవిడే అని అందులో తర్వాత ఒక లైను కలిపారట. నేను రాసిన కాపీలో ఆ లైను లేదు, కాని సంతకం మాత్రం నాదీ ఉంది.

"ఎలా విరిగిందమ్మా?" ఇంజనీరు అడిగాడు.

సినిమాల్లో అయితే ఆవిడ ఊరుకుంటుంది, మేం సిగ్గుతో కుంచించుకుపోతాం. ఆవిడ ఊరుకోలేదు. కట్టు కట్టిన వేలితోనే చూపించింది. "ఇతనూ, ఇతనూ, అదిగో ఆ మెకానిక్కూ. నా చేతిలోంచి లాక్కుని విరగ్గొట్టారు. వెనకాల నిలబడి తిప్పండి తిప్పండి అన్నది మాస్టారు."

మెకానిక్కు పళ్లు నూరాడు. "మొహమాటం లేదా నీకు?"

"మీకుందా?"

ఇంజనీరుకి కేసు పెట్టే తీరిక లేదు, పైపు పాతే కూలీలూ లేరు. ఉన్నవాళ్లంతా స్తంభాల పనిలో ఉన్నారు. మా ముగ్గురి వైపూ చూసి, "పైపు సాయంత్రానికి వస్తుంది. గోతులు మీరే తవ్వండి. ఎంత లోతో ఆవిడ చెబుతుంది" అన్నాడు.

రెండు రోజులు తవ్వాం. ఆవిడ ఒక కుర్చీ వేయించుకుని గట్టు మీద కూర్చుంది. ఇంకా లోతు, ఇంకా లోతు, ఇది గొయ్యా, కుక్క తవ్విన గుంటా అని ఒకటే సణుగుడు. మధ్యాహ్నం మిగతా ఇద్దరూ భోజనాలకి వెళ్లినప్పుడు నేను గోతిలో ఒక్కణ్ణే ఉన్నాను. చాలాసేపటి నుంచి నోట్లో నానుతున్న మాట అడిగేశాను.

"అత్తా, స్కూలుకి ముందెందుకు వదిలేదానివి? అదొక్కటీ చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదుగా."

"నీ ఇంట్లో డ్రమ్ములెన్ని?"

"రెండు."

"బకెట్లు?"

"ఓ ఆరుంటాయి."

"వాళ్లకి రెండొందల మందికీ కలిపి పదకొండు గిన్నెలు. నిలవ పెట్టుకోవడానికి ఏముంది వాళ్ల దగ్గర? వచ్చినప్పుడు తాగాలి, వచ్చినప్పుడే కడుక్కోవాలి. మీకు ఆలస్యమైతే డ్రమ్ములో ఉంటాయి. వాళ్లకి ఆలస్యమైతే ఏముంటుంది?"

"ఇదే మాట మాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేవారా మీరు?"

నేను పలుగు ఆపాను. ఆ రోజు గుంట చుట్టూ నిలబడ్డ పాతిక మంది మొహాలూ గుర్తొచ్చాయి, వాటిలో నాదీ. ఒప్పుకునేవాళ్లం కాదు. ఇంతకన్నా ముందే రాడ్డు లాక్కునేవాళ్లం.

"తప్పయిపోయింది అత్తా" అన్నాను. "నీ వేలు..."

"వేలి సంగతి నీకెందుకు? ఆ మూల మట్టి తియ్యి. పైపు అక్కడ ఎత్తుగా కూర్చుంటే మళ్లీ గాలే వస్తుంది మీకు."

అంతే. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. ఆ మూల మట్టి తీశాను.

కొత్త పైపు సరిగ్గా కూర్చుంది. పదహారో రోజు కరెంటు వచ్చింది. గుడిసెల వాళ్లు స్కూలు ఖాళీ చేసి కాలవ పక్క మళ్లీ రేకులు నిలబెట్టుకున్నారు. మా వీధి వాళ్లు వాళ్లతో ఇప్పటికీ మాట్లాడరు, వాళ్లూ మాతో మాట్లాడరు. ఆ పొడుగాటావిడ పాత ఇళ్లలోనే పని చేస్తోంది గాని మెరక వీధిలోకి రానని తెగేసి చెప్పిందట. వాల్వత్తకీ ఆడపడుచుకీ రాకపోకలు తెగిపోయాయి. దర్జీ మావయ్య మాత్రం ఆదివారాలు ఎవరికీ చెప్పకుండా అక్క ఇంటికి వెళ్లొస్తుంటాడు. వెళుతున్నట్టు ఆవిడకి తెలుసు. అడగదు.

ఆవిడ వేలు వంగడం లేదు. రాడ్డు తిప్పేటప్పుడు ఆ ఒక్క వేలూ నిటారుగా, ఎవరినో చూపిస్తున్నట్టు ఉంటుంది. మెకానిక్కు ఆ టైముకి షాపు లోపలికి వెళ్లిపోతాడు. మాస్టారు కిటికీ వేసుకుంటారు. నేను మాత్రం బయటే నిలబడతాను. ఆవిడ నన్ను పలకరించదు, నేనూ పలకరించను. మెరక వీధికి ఇప్పుడు నలభై అయిదు నిమిషాలు వస్తున్నాయి, గాలికని అయిదు నిమిషాలు కలిపి. కలపమని ఎవరూ అడగలేదు. ఆ అయిదు నిమిషాల గురించి మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఆవిడ ఎదుట ఒక్క మాట ఎత్తలేదు.